దుసూకీ తీసుకున్న మొదటి వాటా

సర్కారు బండి మా ఊళ్ళోకి వచ్చేసరికి మా చెల్లెలి గేదె ఊరందరి పొయ్యిల మీదా ఉడుకుతోంది.

వినేవాళ్ళకి నవ్వు రావచ్చు. నాకు మాత్రం రాదు. ఆ మధ్యాహ్నం మా ఊరు కఫ్ర్ దరాగ్‌లో ఏ సందులో నడిచినా ఉల్లిపాయ, మిరియాలు, ఉడికే మాంసం వాసన. మామూలు రోజున మా ఊళ్ళో అంత వాసన రాదు. మాంసం పండక్కో పెళ్ళికో. తక్కిన రోజులన్నీ ఉడికించిన చిక్కుడు గింజలు, మలూఖియా ఆకు పులుసు. అన్ని ఇళ్ళల్లోనూ ఒకే రోజు మాంసం ఉడికిందంటే ఎవరిదో గొడ్డు పడిపోయిందన్నమాట.

గొడ్డు పడిపోతే మా దగ్గర ఒక పద్ధతి ఉంది. ప్రాణం ఉండగానే కసాయిని పిలిచి అల్లా పేరు చెప్పి కోయిస్తారు. చచ్చాక ఎవరూ ముట్టరు. కోశాక ఊరంతా వచ్చి తలా ఒక వాటా తీసుకుంటారు. డబ్బు ఎప్పుడు కుదిరితే అప్పుడు ఇస్తారు. తినాలన్న యావతో కాదు, గొడ్డు పోయిన ఇల్లు నిలబడాలని. నాకొద్దు అన్నవాడి గడప ఆ తర్వాత ఎవరూ తొక్కరు. తెచ్చుకున్నది ఆ రోజే వండాలి. దాచినా పారేసినా ఆ ఇంటివాళ్ళని అవమానించినట్టే. ఈ ఊరి మీద నాకు చెప్పుకోదగ్గ మంచి అభిప్రాయం ఏమీ లేదు. కాని ఈ ఒక్క పద్ధతి చూసి నోరు మూసుకునేవాణ్ణి.

ఆ రోజు పడింది ఇన్సాఫ్ గేదె. ఇన్సాఫ్ నా చెల్లెలు. మొగుడు ఇటుకల లారీ మీదనుంచి పడి పోయాక, ఆ గేదె పాలు అమ్ముకునే ఇద్దరు పిల్లల్ని సాకుతోంది. గేదెకి పేరు పెట్టలేదు. పేరు పెడితే దిష్టి తగులుతుందని ఇన్సాఫ్‌కి భయం. అంత జాగ్రత్త మనిషి.

వేసవి మొదలవగానే గేదెకి రక్తం తాగే పిడుదులు పట్టాయి. చెవుల వెనక, తోక కింద ద్రాక్ష గుత్తుల్లా వేలాడుతున్నాయి. ఇన్సాఫ్ దుసూకీ కొట్టుకి వెళ్ళి మందు తెచ్చుకుంది. దుసూకీ మా ఊరి పశువుల మందుల వ్యాపారి. వ్యవసాయ బళ్ళో ఏదో డిప్లొమా చదివి, తెల్ల కోటు వేసుకుని కూర్చుంటాడు. ఊరంతా డాక్టరు గారూ అంటుంది, అతనూ కాదనడు. సీసా మీద మంచుకొండల ముందు గంట కట్టుకున్న మచ్చల ఆవు బొమ్మ. దాని కింద రాసింది దుసూకీ వేలు పెట్టి మరీ చదివి వినిపించాడట. అడవి మూలికలు, పుదీనా నూనె. పాలిచ్చే పశువులకీ దూడలకీ హాని లేదు. పూసిన రోజే పాలు తాగవచ్చు. తడిగుడ్డతో ఒళ్ళంతా పట్టించు, మూల మూలలా తగలాలి అని కూడా చెప్పాడట. ఇన్సాఫ్ అలాగే చేసింది. ముందు రోజు సాయంత్రం పూసింది, తెల్లవారేసరికి గేదె నురగ కక్కుతోంది.

కబురు రాగానే వెళ్ళాను. నేను నాలుగో తరగతితో బడి మానేసి పొలాల్లో నీళ్ళ ఇంజన్లు బాగుచేసుకునేవాణ్ణి. ఇంజను వణికితే ఎందుకో చెబుతాను, గేదె వణికితే నాకేం తెలుస్తుంది. నాలుగు కాళ్ళూ కొట్టుకుంటున్నాయి. నోట్లోంచి జిగురు తాడులా కారుతోంది. ఒంటి మీద తోలు తనంతట తనే ఎగిరెగిరి పడుతోంది. ఇన్సాఫ్ దాని తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుని నన్ను చూసింది.

దుసూకీ పిలవకుండానే వచ్చాడు. కోటు వేసుకునే వచ్చాడు. గేదె కనురెప్ప ఎత్తి చూశాడు, నోరు వాసన చూశాడు, లేచి చేతులు రుద్ది రుద్ది కడుక్కున్నాడు. ఎండదెబ్బ అన్నాడు. సూది వెయ్యకూడదా అని ఇన్సాఫ్ అడిగితే, వేసినా దండగే, ఆలస్యం చేస్తే మాంసం కూడా దక్కదు, కసాయికి కబురు పెట్టండి అన్నాడు. అతనే తాడు పట్టుకున్నాడు. కోసేదాకా పట్టుకునే ఉన్నాడు.

వాటాలు వేసేటప్పుడు జనం కాస్త వెనకాడారు. ఆ నురగ చూసినవాళ్ళు కదా. అప్పుడు దుసూకీ ముందుకొచ్చాడు. మొదటి వాటా నాదే అన్నాడు. తొడ ముక్క, అన్నిట్లోకీ పెద్దది. దాన్ని రెండు చేతులా అందుకుని అందరూ వినేలా అన్నాడు.

"ఇన్సాఫ్, చెల్లీ, దేవుడు నీకు దీనికి పదింతలు ఇస్తాడు. మా ఇంట్లో ఇవాళ ఇదే వంట."

డాక్టరే తీసుకున్నాక ఇంకెవరికి అనుమానం. గంటలో వాటాలు పరిచిన చాప ఖాళీ అయింది. నా చెల్లెలు కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ, మంచివాడన్నా అంది. నేనూ అవునన్నాను.

సరిగ్గా మధ్యాహ్నపు నమాజు అయ్యాక సర్కారు బండి వచ్చింది. జిల్లా పశువైద్య శాఖ వాళ్ళ తెల్ల బండి, వెనక పోలీసుల నీలం బండి. ఎవరినీ దారి అడగకుండా నేరుగా దుసూకీ కొట్టు ముందు ఆగాయి. దిగింది ఒక డాక్టరమ్మ, మిర్వత్ అని పేరు. నలభై దాటిన మనిషి, నిద్ర లేని కళ్ళు. మగ పోలీసులు అట్టపెట్టెలు బయటికి మోస్తుంటే ఆవిడ కొట్టు వెనక గదిలోకి వెళ్ళి, ముక్కు మూసుకుని తిరిగి వచ్చింది. ఆ గదిలో నీలం పీపాలు, ఖాళీ సీసాలు, చీటీల చుట్టలు ఉన్నాయి. మంచుకొండలు, మచ్చల ఆవు చుట్టలు చుట్టి ఉన్నాయి, గోడకంటించే రంగు కాగితాల్లా.

జనం మూగారు. జనం మూగడానికి మా ఊళ్ళో కారణం అక్కర్లేదు. డాక్టరమ్మ ఒక సీసా మూత తీసి ముందు వరసలో ఉన్న ముసలాయన ముక్కు దగ్గర పెట్టింది. పుదీనా అన్నాడాయన. కాసేపు పట్టుకోండి అంది. ముసలాయన మొహం మారింది. పత్తికి కొట్టేవాళ్ళం ఇది, అన్నాడు మెల్లిగా, పాతరోజుల్లో. అవును, పత్తి పురుగుమందే అందావిడ. అమ్మకూడదని ఆపేసిన మందు. నూనెలో కలిపి, పుదీనా పోసి, కొత్త చీటీ అంటించారు. పక్క ఊళ్ళో గొడ్లు చచ్చాయి, లాబొరేటరీ కాగితం నిన్న వచ్చింది. ఇది పూసిన పశువు పాలూ మాంసమూ నోట్లో పెట్టకూడదు.

అంతా విన్నాక ఎవరో వెనకనుంచి ఇన్సాఫ్ గేదెకి కూడా ఇదే పూశారన్నారు.

"ఆ గేదె ఎక్కడుంది?" అంది డాక్టరమ్మ.

జనం కసాయి వైపు చూశారు. చివరికి కసాయే చెప్పాడు.

"ఇళ్ళల్లో ఉందమ్మా."

"ఏ ఇంట్లో?"

"అన్ని ఇళ్ళల్లోనూ."

ఆవిడ చేతిలో సీసా మూత జారి కింద పడింది. వంగి తీసుకోవడం కూడా మర్చిపోయింది. చుట్టూ చూసింది, సందుల్లోంచి వస్తున్న ఆ వాసన అప్పుడే మొదటిసారి తగిలినట్టు. నా ఇంట్లోనూ కుండ పొయ్యి మీదే ఉంది.

మసీదు మైకులో చెప్పించారు. ఇన్సాఫ్ ఇంటి మాంసం ఎవరూ తినొద్దు, తిన్నవాళ్ళు ఆరోగ్య కేంద్రానికి రండి. మైకులో ఇంకెవరి పేరూ లేదు. దుసూకీ పేరు లేదు, సీసా పేరు లేదు. ఇన్సాఫ్ ఇంటి మాంసం, ఇన్సాఫ్ ఇంటి మాంసం అని ఊరి మీద మూడు దిక్కుల నుంచి మోగింది. అప్పటికే కొందరు తినేశారు. కడుపునొప్పి ఉన్నవాళ్ళకీ లేనివాళ్ళకీ కూడా ఆ మాటతో నొప్పి మొదలైంది.

పోలీసు ఆఫీసరు దుసూకీని కుర్చీలో కూర్చోబెట్టి అడిగాడు. దుసూకీ ఏడ్చాడు. బాగా ఏడ్చాడు. పీపాలు కైరోలో ఒక పెద్ద వ్యాపారి అమ్మాడనీ, మూలికల నూనె అని చెప్పాడనీ, చీటీలు కూడా ఆయనే ఇచ్చాడనీ, తను సీసాల్లో నింపుకున్నాడే తప్ప అందులో ఏముందో తనకేం తెలుసుననీ అన్నాడు. తర్వాత మా చెల్లెలి వైపు తిరిగాడు. పిడుదులున్నచోట దూదితో అద్దమన్నానండీ, ఈవిడ గేదెకి స్నానమే చేయించింది. ఎండలో కట్టేశానని ఈవిడే చెప్పింది, నేను నమ్మాను. మందు వికటించిందని ఈవిడకి తెలిసే దాచి కోయించింది, గేదె డబ్బు పోతుందని. ఇలా సాగింది. ఆ చివర ఒక మాటన్నాడు.

"నేనూ వాటా తెచ్చుకున్నాను సార్. అందరికంటే ముందు నేనే తెచ్చుకున్నాను. మా అమ్మా నా పిల్లలూ తిన్నారు. విషమని తెలిస్తే నా పిల్లలకి పెట్టుకుంటానా?"

ఆ మాటతో అక్కడున్న అందరి తలలూ ఊగాయి. నిజమే కదా. అందరూ చూశారు కదా. ఆఫీసరు కూడా కలం ఆపి ఆలోచించాడు. నన్ను పక్కకి పిలిచి, నువ్వు ఆవిడ అన్నవా అని అడిగి, విషయం ఉన్నదున్నట్టు చెప్పాడు. తప్పుడు చీటీ అంటించినందుకు దుసూకీ మీద కేసు తప్పదు. కాని ఏముందో తెలియదంటే అది జరిమానాతో పోయే కేసు. విషమని తెలిసి ఊరికి మాంసం పెట్టారంటే అది వేరే కేసు. ఇప్పుడున్న మాటల ప్రకారం ఆ వేరే కేసు మీ చెల్లెలి మీదకి వచ్చేలా ఉంది. సాయంత్రం ఆవిణ్ణి స్టేషనుకి తీసుకెళ్ళాలి.

నేను ఇన్సాఫ్ ఇంటికి పరిగెత్తేసరికి గుమ్మం ముందు మాంసం గుట్ట పడి ఉంది. జనం వాటాలు తెచ్చి పడేస్తున్నారు. పచ్చివి కొన్ని, ఉడికినవి కొన్ని. కొందరు పులుసుతో సహా తలుపు మీదకే విసిరారు. పోయినదానికి దేవుడు బదులు ఇస్తాడని పొద్దున ఓదార్చిన నోళ్ళే. పక్కింటి జీనత్ అయితే కుండ ఎత్తి గడప మీద పగలగొట్టింది.

"నా పిల్లల నోట్లో పెట్టావు కదే. నీ పిల్లలు పాలు తాగి పెరగాలి, నా పిల్లలు విషం తిని చావాలి. నీ మొగుడు పోయినప్పుడు నలభై రోజులు నీ ఇంటికి రొట్టెలు మోసిన చేతులివి."

ఇన్సాఫ్ గోడకి ఆనుకుని నిలబడి ఉంది. పాదాల మీద వేడి పులుసు పడింది, తుడుచుకోలేదు. నేనూ తిన్నాను జీనత్, నా పిల్లలూ తిన్నారు అంది. ఆ మాట ఎవరికీ ఎక్కలేదు. దుసూకీ తిన్నాడంటే అది సాక్ష్యం. ఇన్సాఫ్ తిన్నదంటే అబద్ధం.

డాక్టరమ్మకి మాంసం అంతా ఒకచోట చేరాలి. ఊరి బయట గోతిలో సున్నం వేసి పూడ్చాలి. దానికి బండి కావాలంటే నా మూడు చక్రాల బండి ఇచ్చాను. ఒక కానిస్టేబులు తోడు వచ్చాడు. అతను బండి దగ్గర కర్ర పట్టుకుని కుక్కల్ని తోలాలి, నేను ఇల్లిల్లూ తిరిగి సంచుల్లో తేవాలి. ప్రతి ఇంట్లోనూ ఒకటే మాట, మేం ముట్టనే లేదు. మూతి మీద జిడ్డు ఆరకుండానే ముట్టలేదంటారు. ఒకాయన ఎముకలు మాత్రమే ఇచ్చి, మాకు వచ్చిన వాటా ఇలాగే వచ్చిందన్నాడు.

దుసూకీ ఇంటికి వెళ్ళాను. అతని భార్య సగం తలుపు తీసి, అయిపోయింది, అంతా తినేశాం అని మూయబోయింది. లోపల అరుగు మీద అతని తల్లి, హజ్ యాత్ర చేసొచ్చిన హాగ్గా నబవియ్యా కూర్చుని ఉంది. చూపు సగం పోయింది, నోరు మాత్రం పూర్తిగా ఉంది.

"ఎవరే తిన్నది? నాకు కళ్ళు లేవు గాని ముక్కు కూడా పోయిందనుకున్నావా?"

"ఊరుకో అత్తా," అంది కోడలు.

"ఎందుకు ఊరుకోవాలి? ఎవరు నాయనా అది, మహ్రూసా? రా, నువ్వైనా విను. ఊరంతా మాంసం ఉడుకుతుంటే నా కొడుకు నాకు చిక్కుడు గింజలు పెట్టాడు. ఇంత తొడ ముక్క ఆ గుమ్మంలోంచి తెచ్చి ఈ గుమ్మంలోంచి పంపేశాడు. ఒక్క ముక్క వండించరా అంటే నీ మోకాళ్ళకి పడదమ్మా అన్నాడు. మోకాళ్ళు నావి. మరి పిల్లలు అడిగితే వాళ్ళ చెంపలెందుకు వాయించాడు?"

నేను గుమ్మంలో నిలబడిపోయాను. చేతిలో సంచి ఉంది, అందులోంచి రక్తం నా చెప్పు మీద కారుతోంది, ఆ సంగతి తర్వాత తెలిసింది. అంటే దుసూకీకి తెలుసు. తాడు పట్టుకున్నప్పుడే తెలుసు. చేతులు రుద్ది కడుక్కున్నప్పుడే తెలుసు. మొదటి వాటా నాదే అన్నప్పుడు వీడి కళ్ళ ముందు ఊరంతా నిలబడి ఉంది, వీడితో కలిసి చదివినవాళ్ళు, వీడికి పాలిచ్చిన ఆడవాళ్ళు. వద్దంటే అనుమానం వస్తుందని తీసుకున్నాడు. తీసుకుని ఇంటికెళ్ళి తన పిల్లల్ని మాత్రం కాపాడుకున్నాడు.

"ఎక్కడికి పంపాడు పెద్దమ్మా?" అన్నాను.

"కడిగేదాని ఇంటికి. ఉమ్ షౌకికి. పుణ్యమట. కన్నతల్లికి పెట్టనివాడికి పుణ్యం."

కోడలు తలుపు మూసేసింది.

ఉమ్ షౌకి మా ఊళ్ళో చనిపోయిన ఆడవాళ్ళకి స్నానం చేయించే మనిషి. ఉమ్ అంటే తల్లి, షౌకి ఆమె కొడుకు. చిన్నప్పుడే కాలవలో పోయాడు, తల్లికి పేరు మాత్రం మిగిల్చాడు. మా అమ్మని ఆమే కడిగింది, అందరి అమ్మల్నీ ఆమే కడిగింది. అందుకే ఆమెని ఎవరూ గుమ్మంలోకి రానివ్వరు. పెళ్ళికి పిలవరు. ఎదురొస్తే పక్క సందులోకి తిరుగుతారు. ఆమె చేతి నీళ్ళు తాగితే శవం గుర్తొస్తుందంటారు. గొడ్డు పడినప్పుడు ఆమెకి వాటా ఉంటుందన్న ఆలోచన కూడా ఎవరికీ రాదు. మురుగు కాలవ గట్టున ఒంటరి గది. ఆ గదికి వెళ్ళే దారిలో గడ్డి మొలిచి ఉంది.

తలుపు తోసేసరికి నేల మీద పడి ఉంది. ఒళ్ళంతా చెమట. నోటినుంచి జిగురు కారుతోంది. పొద్దున గేదె నోట్లో చూసిన జిగురే. పక్కన గిన్నె, దాదాపు ఖాళీ. ఒక్కత్తే కూర్చుని తొడ ముక్కంతా తినడానికి చూసింది పాపం. మైకు మాట ఆమెకి వినపడే ఉంటుంది. ఇన్సాఫ్ ఇంటి మాంసం అన్నారు కదా. తనకొచ్చింది దుసూకీ ఇంటినుంచి.

బండిలో మాంసం సంచులు పక్కకి నెట్టి, ఆమెని పడుకోబెట్టి ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్ళాను. నా చేతుల్తోనే ఎత్తాను. కానిస్టేబులు ఎత్తడానికి రాలేదు, ఆమె ఎవరో దారిలో ఎవరో చెప్పారట. డాక్టరు ఆమె కంటిపాపలు చూశాడు, సూదిమొనల్లా ఉన్నాయన్నాడు. సూది మందు వేశాడు, మళ్ళీ వేశాడు. గేదెకీ మనిషికీ ఈ విషానికి విరుగుడు ఒకటేనట, పొద్దున ఎవరైనా నిజం చెప్పి ఉంటే గేదె కూడా బతికేదని డాక్టరమ్మ అంది. అది విని నేను బయటికెళ్ళి గోడకి తల ఆనించి నిలబడ్డాను.

ఆఫీసరుకి నేను విన్నదంతా చెప్పాను. ఆయన మనిషిని పంపి హాగ్గా నబవియ్యాని అడిగించాడు. ఈలోపల ఆవిడకి ఎవరో అర్థమయ్యేలా చెప్పారు. నేను కళ్ళు లేని ముసలిదాన్ని, కలగని ఏదో వాగాను, నా కొడుకు నాకు కడుపునిండా మాంసం పెట్టాడు అందట. ఆవిణ్ణి తిట్టడానికి నాకు నోరు రాలేదు. నువ్వు నిందితురాలి అన్నవి, నీ ఒక్కడి మాట నిలబడదు అన్నాడు ఆఫీసరు. ఉమ్ షౌకికి మాంసం ఎవరు ఇచ్చారో ఆమె నోటితో చెబితే అప్పుడు వేరే సంగతి.

ఎండ వాలే వేళకి ఉమ్ షౌకి కళ్ళు తెరిచింది. ఆఫీసరు కుర్చీ లాక్కుని కూర్చుని మాంసం ఎవరిచ్చారని అడిగాడు.

"దేవుడిచ్చాడు."

"ఎవరి చేతుల్తో ఇచ్చాడమ్మా?"

ఆమె నెమ్మదిగా, ఆగి ఆగి చెప్పింది.

"ఈ ఊళ్ళో ఎన్ని గొడ్లు పడ్డాయో నాకు తెలుసు బాబూ. ప్రతిసారీ వాసన వస్తుంది. గాలి మా వైపే వీస్తుంది. నా గుమ్మానికి ఒక్కసారి, ఒక్క చెయ్యి వచ్చింది. ఆ చెయ్యి పేరు నేను చెప్పను. విషమైతే ఆయనకేం తెలుసు, ఆయనా మోసపోయి ఉంటాడు. నా ప్రాణం పోయినా చెప్పను."

ఆఫీసరు నా వైపు చూశాడు. ఊరి గురించి ఆమె అన్నదాంట్లో అబద్ధమేదీ లేదు.

అప్పుడు ఇన్సాఫ్‌ని తెచ్చారు. స్టేషనుకి తీసుకెళ్ళే ముందు డాక్టరు చూడాలని తెచ్చారు. అది తిన్నది ఎక్కువ కాదు, కడుపు తిప్పుతోంది అంతే. ఉమ్ షౌకి మంచం చూసి ఆగింది. ఇది బతిమాలుతుందేమో అనుకున్నాను. ఏమీ బతిమాలలేదు. మంచం అంచున కూర్చుని, చెంగు తడిపి, ఆ ముసలామె నోటి చివర ఎండిపోయిన జిగురు తుడిచింది.

"నేను నీకు వాటా పంపలేదు అత్తా. నాకు తట్టనే లేదు. అమ్మని నువ్వు కడిగిన రోజు నీ చేతుల్ని ముద్దుపెట్టుకున్నాను, అయినా తట్టలేదు."

నేను ఉమ్ షౌకి వైపు తిరిగాను. నాకు ఉండబట్టలేదు. ఆ ఇంటి గుమ్మంలో విన్నది చెప్పేశాను. నబవియ్యా పెద్దమ్మ ఒక్క ముక్క అడిగితే కొడుకు పెట్టలేదట, నీకు పంపాడట అన్నాను. ఆఫీసరు నన్ను వారించబోయాడు, నేను ఆగలేదు.

ముసలామె మొహం వెలిగింది. దేవుడి మీద ఒట్టు, నిజంగా వెలిగింది.

"తల్లి నోటి దగ్గరిది తీసి నాకు పంపాడా?"

"తల్లికి పెట్టలేదు. పిల్లలకీ పెట్టలేదు. పిల్లలు అడిగితే కొట్టాడట."

"పిల్లల్ని కొట్టాడా?"

"చెంపలు వాయించాడట."

"తనూ తినలేదా?"

"ఎవరూ తినలేదు అత్తా. ఆ ఇంట్లో చిక్కుడు గింజలు వండుకున్నారు."

ఆ వెలుగు ఎలా పోయిందో నేను చెప్పలేను. దీపం ఆరినట్టు కాదు, ఒక్కసారిగా పోలేదు. ముందు పెదవులు ఆగాయి. తర్వాత కళ్ళు. నా మొహంలోకి చూసింది, ఇన్సాఫ్ మొహంలోకి చూసింది, ఎవరైనా కాదంటారేమో అని. తన కడుపు మీద చెయ్యి పెట్టుకుంది.

"స్వయంగా తెచ్చాడు," అంది చివరికి. "గుమ్మం దాటి లోపలికొచ్చాడు. నా ఇంట్లో మనుషులు అడుగుపెట్టి ఎన్నాళ్ళయిందో. బాగా తిను పెద్దమ్మా, ఇవాళే తినెయ్, రేపటికి ఉంచకు, ఎవరికీ చెప్పకు అన్నాడు. నేను తినడం మొదలుపెట్టేదాకా నిలబడి చూసి వెళ్ళాడు. ఎంత ప్రేమ అనుకున్నాను."

వీడు కాలవలో పారెయ్యవచ్చు కదా, ఆమెకే ఎందుకు పెట్టాడని నేను ఆ తర్వాత చాలాసార్లు ఆలోచించాను. కాలవ దగ్గర మనుషులుంటారు, బట్టలుతికే ఆడవాళ్ళుంటారు. కుక్కలకి వేస్తే కుక్కలు చచ్చి పడి ఉంటాయి. ఊళ్ళో ఎవరూ అడుగుపెట్టని చోటు ఒక్కటే ఉంది. అక్కడ మనిషి పోయినా వాసన వచ్చేదాకా ఎవరికీ తెలియదు. తెలిసినా, ఆమెని కడగడానికి ఊళ్ళో ఇంకొకరు లేరు, అలాగే చుట్టి పూడ్చేసేవాళ్ళు. ఆ లెక్క దుసూకీ వేశాడు. వెయ్యడానికి వీలుగా మేమంతా ముందే అమర్చి పెట్టాం.

"రాసుకో బాబూ," అంది ఉమ్ షౌకి ఆఫీసరుతో. "నబవియ్యా కొడుకు దుసూకీ. రాసుకుని మళ్ళీ నాకు చదివి వినిపించు."

ఆఫీసరు రాశాడు, చదివాడు, ఆమె వేలిముద్ర వేసింది. దుసూకీకి అప్పటిదాకా కుర్చీ వేసి కూర్చోబెట్టారు. ఇప్పుడు సంకెళ్ళు వేసి నీలం బండి ఎక్కించారు. కొట్టుకి సీలు వేశారు. పీపాలూ సీసాలూ చీటీల చుట్టలూ తెల్ల బండిలో ఎక్కించి, కోర్టు చెప్పాక వాటిని నాశనం చేస్తామంది డాక్టరమ్మ. మీ చెల్లెల్ని ఎక్కడికీ తీసుకెళ్ళం, ఇంటికి వెళ్ళవచ్చు అని నాతో చెప్పి, ఇంకో ఊళ్ళో ఇంకో కొట్టు ఉందని వెళ్ళిపోయింది.

మైకులో ఈసారి ఎవరూ ఏమీ చెప్పలేదు. అయినా కబురు ఊరంతా పాకింది. చీకటి పడకముందే ఆడవాళ్ళు గుంపుగా కేంద్రం వరండాలోకి వచ్చారు. జీనత్ ముందు నిలబడి ఉంది. ఇన్సాఫ్ తల ముద్దుపెట్టుకుని ఇంటికి తీసుకెళ్తామన్నారు. గుమ్మం కడిగామన్నారు, నీ పిల్లలు మా ఇంట్లోనే ఉన్నారన్నారు. ఒకావిడ ఏడ్చింది కూడా. మా వాళ్ళకి ఏడవడం ఎప్పుడూ కష్టం కాదు.

ఇన్సాఫ్ మంచం దగ్గర్నుంచి లేవలేదు. తల కూడా తిప్పలేదు.

"ఈమెకి రాత్రంతా ఎవరైనా పక్కన ఉండాలన్నాడు డాక్టరు. నేనొక్కదాన్నీ చాలను. లోపలికి రండి, వంతులు వేసుకుందాం."

వరండాలో వాళ్ళు ఒకరినొకరు చూసుకున్నారు. పిల్లలు ఎదురుచూస్తారని ఒకావిడ అంది. మా ఆయనకి చెప్పి రాలేదని ఇంకొకావిడ. ఉమ్ షౌకి కళ్ళు మూసుకునే ఉంది కాని నిద్రపోలేదు. చెవులు ఎటు తిరిగి ఉన్నాయో నాకు తెలుసు.

జీనత్ చెప్పులు విడిచి లోపలికి వచ్చింది. మంచానికి దూరంగా, గోడ వారగా కూర్చుంది. చేతులు ఒళ్ళో దాచుకుంది. కాసేపటికి ఇన్సాఫ్ తడిగుడ్డ చాపితే అందుకుంది.

ఆమె ఒక్కతే వచ్చింది. తక్కినవాళ్ళు వరండాలోనే నిలబడి, దుసూకీని అతని ఏడు తరాలతో సహా తిడుతూ, చీకటి పడేదాకా ఉన్నారు.